స్పాండావ్‌లో సగం ఊరు తూర్పు జర్మనీలో ఎందుకుండేది? స్టాకెన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

శ్రీను_స్పాండావ్
ఈ మధ్యే స్టాకెన్‌కి ఇల్లు మారాం. ఎం49 బస్సు చివరి స్టాపు మాదే, హేర్‌స్ట్రాసె మీద నెన్‌హౌజర్ డామ్ దగ్గర. రోడ్డుకి తూర్పున పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు. పడమరకి దాటి కాస్త లోపలికి వెళ్తే అచ్చం పల్లెటూరు. చిన్న ఇళ్లు, పెరట్లో ఆపిల్ చెట్లు, ఒక పాత చర్చి. ఆఫీసులో స్టాకెన్ అని చెప్తే ఒక జర్మన్ కొలీగ్ "ఓ, తూర్పు వైపా" అన్నాడు. మ్యాప్ చూస్తే స్పాండావ్ బెర్లిన్‌కి పడమటి కొస! మా పక్కింటి పెద్దావిడ కూడా "మా వైపు 1990లో బెర్లిన్‌లోకి వచ్చింది" అంటోంది. మరి 1990కి ముందు ఇది ఎవరిది? బెర్లిన్‌లో ఉన్న ఊరు మళ్లీ బెర్లిన్‌లోకి రావడమేంటి? వికీ లింకు పడేసి వెళ్లిపోకండి, కాస్త విడమరిచి చెప్పండి.

మ్యాపులపిచ్చి
వరసగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

స్టాకెన్ చాలా పాత ఊరు. 1273 నాటి పత్రంలోనే పేరుంది. 1920 దాకా బెర్లిన్‌తో సంబంధం లేని మామూలు గ్రామం. ఆ ఏడాది అక్టోబర్ 1న గ్రేటర్ బెర్లిన్ చట్టం అమల్లోకి వచ్చి చుట్టుపక్కల 7 పట్టణాలు, 59 గ్రామాలు, 27 ఎస్టేట్లు ఒకేసారి నగరంలో కలిసిపోయాయి. విస్తీర్ణం 66 చదరపు కిలోమీటర్ల నుంచి 878కి, జనాభా 19 లక్షల నుంచి దాదాపు 39 లక్షలకి పెరిగింది. స్టాకెన్ మొత్తం స్పాండావ్ జిల్లాలోకి వెళ్లింది.

1945లో బెర్లిన్‌ని నాలుగు దేశాలు పంచుకున్నప్పుడు స్పాండావ్ బ్రిటన్ వాటాకి వచ్చింది. వాళ్లకి విమానాలు దిగే చోటు కావాలి. గాటో విమానాశ్రయం వాళ్ల సెక్టార్‌లోనే ఉంది గానీ దాని పడమటి అంచు సోవియట్ జోన్‌కి (బెర్లిన్ చుట్టూ ఉండి, తర్వాత తూర్పు జర్మనీ అయిన ప్రాంతం) ఆనుకుని ఉంది. అందుకని ఆగస్టు చివర్లో ఇద్దరూ భూమి మార్చుకున్నారు. గాటో పక్కనున్న జేబుర్గ్ ముక్క, గ్రోస్ గ్లీనికె ఊరి తూర్పు భాగం బ్రిటన్‌కి. బదులుగా స్టాకెన్ పడమటి సగం, అక్కడి విమాన మైదానంతో సహా, సోవియట్ వాళ్లకి. మీ ఇంటి ముందు రోడ్డు అలా సరిహద్దు అయింది. 1961లో బెర్లిన్ గోడ కూడా ఆ గీత మీదే లేచింది.

బక్కోడు_బెర్లిన్
రన్‌వే కోసం ఊరు మార్చుకున్నారా! మా ఊళ్లో గట్టు జానెడు జరిగితేనే కోర్టుకెక్కుతారు.

శ్రీను_స్పాండావ్
మ్యాపులపిచ్చి గారూ, చాలా థాంక్స్. అంటే 1945 సెప్టెంబర్ నుంచే ఆ సగం వాళ్లు సోవియట్ పాలనలోకి వెళ్లిపోయారా? రాత్రికి రాత్రే?

రాజు_నాయిషూల్
సోవియట్ వాళ్లు లాక్కున్నారని మా ప్రొఫెసర్ చెప్పారే. మార్పిడి అంటారేంటి?

చరిత్ర_టీచరమ్మ
రాజు గారూ, 1945లో జరిగింది లాక్కోవడం కాదు. అడిగింది బ్రిటన్, ఒప్పుకుంది సోవియట్ వైపు. రెండు వైపులా సంతకాలయ్యాయి. 1944 సెప్టెంబర్‌లో మిత్రదేశాలు రాసుకున్న లండన్ ప్రోటోకాల్ అనే ఒప్పందంలో బెర్లిన్ అంటే 1920 చట్టం చెప్పిన బెర్లిన్ అనే రాసుకున్నారు. జిల్లాల సరిహద్దులనే సెక్టార్ల సరిహద్దులుగా పెట్టుకున్నారు. ఆ జిల్లా గీత గాటో విమానాశ్రయానికి మరీ దగ్గరగా ఉందని తర్వాత సవరించుకున్నారు. మీ ప్రొఫెసర్ చెప్పింది బహుశా 1951 సంగతి. అది నిజంగానే దౌర్జన్యం.

శ్రీను గారి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. 1945 తర్వాత కూడా ఐదేళ్లకు పైగా పడమటి స్టాకెన్ పాలన స్పాండావ్ చేతిలోనే నడిచింది. కాగితం మీద సోవియట్ వాళ్లది, రోజువారీ పనులు స్పాండావ్‌వి. 1951 ఫిబ్రవరి 1న తూర్పు జర్మనీ పోలీసులు వచ్చి ఆ సగాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. జనానికి అసలు దెబ్బ తగిలింది ఆ రోజే.

మ్యాపులపిచ్చి
టీచరమ్మ గారు చెప్పింది కరెక్ట్. ఆ తర్వాతి కథ ఇంకా చిక్కు. మొదట దాన్ని తూర్పు బెర్లిన్‌లోని మిట్టె జిల్లా కింద పెట్టారు. నడుమ పశ్చిమ బెర్లిన్ అంతా అడ్డం, అయినా కాగితం మీద మిట్టెనే. తర్వాత పక్కనున్న తూర్పు జర్మనీ ఊరు ఫాల్కెన్‌జే కింద చేర్చారు. 1971లో నావెన్ జిల్లాలో "స్టాకెన్" పేరుతో మళ్లీ ఒక సొంత గ్రామం అయింది. 1990 అక్టోబర్ 3న జర్మనీ ఏకమైన రోజు తిరిగి స్పాండావ్‌లో కలిసింది.

అంటే గ్రామం నగరంలో కలిసి, అందులో సగం నగరం నుంచి విడిపోయి మళ్లీ గ్రామమై, మళ్లీ నగరమైంది. ఒక మనిషి జీవితకాలంలో జరిగిపోయిందంతా.

బక్కోడు_బెర్లిన్
ఆధార్ లాంటిది ఉండి ఉంటే అడ్రస్ అప్‌డేట్‌కే జీవితం అయిపోయేది వాళ్లకి.

రైలుబండి_రవి
ఈ ఊరి పక్కన జరిగిన ఒక సంగతి ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు. స్టాకెన్ దాటగానే ఫాల్కెన్‌జేలో ఆల్‌బ్రెక్ట్స్‌హోఫ్ అనే చిన్న స్టేషన్ ఉంది. గోడ కట్టాక తూర్పు వైపు రైళ్లకి అదే ఆఖరి స్టేషన్. పట్టాలు మాత్రం ఇంకా అవతల స్పాండావ్ దాకా ఉన్నాయి, తీసేయలేదు.

1961 డిసెంబర్ 5 సాయంత్రం హ్యారీ డెటర్లింగ్ అనే డ్రైవర్, ఫైర్‌మన్ హార్ట్‌ముట్ లిఖి కలిసి ఆవిరి ఇంజన్ రైలుని అక్కడ ఆపకుండా పూర్తి వేగంతో పోనిచ్చారు. డ్రైవర్ కుటుంబం, నమ్మకమైన బంధుమిత్రులు లోపలున్నారు. కాల్పులు జరుగుతాయని నేల మీద పడుకున్నారు. రైలు సరిహద్దు దాటి స్పాండావ్ వైపు వెళ్లి ఆగింది. ఎక్కినవాళ్లలో 25 మంది పశ్చిమంలో ఉండిపోయారు. ఏమీ తెలియకుండా ఎక్కిన 7 మంది, రైలు సిబ్బందితో సహా, వెనక్కి వెళ్లిపోయారు. వెంటనే అక్కడి పట్టాలు పీకేశారు.

నేను రైల్వేలో సిగ్నలింగ్ పని చేస్తాను. ఆపాల్సిన చోట ఆపకుండా, ముందు పట్టా ఉందో లేదో తెలియని చీకట్లోకి ఆవిరి ఇంజన్‌ని పూర్తి వేగంతో నడపడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక్క పాయింటు (రైలు పట్టా మారే చోటు) తిరిగి ఉన్నా రైలు పట్టాలు తప్పేది.

శ్రీను_స్పాండావ్
రవి అన్నా, ఒళ్లు జలదరించింది. నేను రోజూ ఆ పట్టాల మీదే ఆఫీసుకి వెళ్తున్నా.

ఆఖెన్_అనూష
మా వైపు కథ వేరే. ఆఖెన్ చుట్టూ ఉన్న ఊళ్లని 1972 జనవరి 1న నగరంలో కలిపేశారు. బ్రాండ్, రిష్టెరిష్, కోర్నెలిమ్యూన్‌స్టర్, వాల్‌హైమ్ ఇంకా కొన్ని. నగరం అలా నెదర్లాండ్స్, బెల్జియం సరిహద్దుల పొడవునా పాకింది. లిష్టెన్‌బుష్ అనే ఊరు సగం ఆఖెన్‌లో, సగం బెల్జియంలో ఉంటుంది. సరిహద్దు అంటే ఒక బోర్డు, అంతే. మా తెలుగు స్టూడెంట్లు చాలామంది అద్దె తక్కువని నెదర్లాండ్స్‌లోని ఫాల్స్‌లో ఉంటూ ఆఖెన్ యూనివర్సిటీకి వస్తారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇక్కడ కాఫీ గింజల స్మగ్లింగ్ జోరుగా నడిచిందట. కాఫీ మీద జర్మనీ వేసిన పన్ను అంత ఎక్కువ. 1953లో పన్ను తగ్గించగానే ఆ వ్యాపారం పడిపోయింది. సరిహద్దు ఊరు అనగానే నాకు కాఫీ వాసన గుర్తొస్తుంది, మీ వైపు ముళ్లకంచె. ఒకే దేశంలో ఇంత తేడా.

కూకట్‌పల్లి_కుర్రాడు
నా అభిప్రాయం కొంచెం వేరు. ఇంత కష్టం జరిగింది నిజమే, కాదనను. కానీ ఆ సరిహద్దు వల్లే పడమటి స్టాకెన్ పల్లెగా మిగిలింది కదా? లేకపోతే అక్కడ కూడా 15 అంతస్తులు లేచేవి. ఊళ్లు నగరంలో కలిస్తే ఏమవుతుందో కూకట్‌పల్లిలో పుట్టిన నాకు తెలుసు. మా తాత పొలం ఉన్న చోట ఇప్పుడు మెట్రో పిల్లర్ ఉంది. చెరువు పేరు బస్టాపుకి మిగిలింది.

పద్మ_స్టాకెన్
కూకట్‌పల్లి తమ్ముడూ, నీ బాధ అర్థమైంది గానీ "మిగిలింది" అనే మాట ఇక్కడివాళ్ల ముందు అనకు.

మేము పడమటి స్టాకెన్‌లో చాలా కాలంగా ఉంటున్నాం. గోడకి ఆనుకున్న ఇళ్లవాళ్లకి అప్పట్లో ప్రత్యేక పర్మిట్ ఉండాలి. సొంత చెల్లెలు చూడటానికి రావాలన్నా ముందుగా దరఖాస్తు పెట్టుకుని పాస్ తెచ్చుకోవాలి. పాస్ ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఇల్లు రిపేరు చేసుకోవడానికి నిచ్చెన పెరట్లో వదిలేసినా తప్పే, ఎవడైనా దాంతో గోడ ఎక్కుతాడని. మా పక్కింటాయన కోళ్లగూడుకి కొట్టిన ఇనుప జాలీ చూశాను. వజ్రం ఆకారంలో చిన్న చిన్న కన్నాలు, అంచులు పదును. నా చిటికెన వేలు పెట్టి చూస్తే మొదటి కణుపు కూడా దూరలేదు. ఎక్కడిది అని అడిగితే, గోడ పోయాక తెచ్చుకున్న సరిహద్దు కంచె ముక్క అన్నాడు. వేళ్లు పట్టకుండా, ఎక్కడానికి వీల్లేకుండా కావాలనే అలా చేశారట. దాని వెనకాల ఇప్పుడు కోళ్లున్నాయి గానీ అప్పుడు ఉన్నది ఈయనే.

ఇంకోటి. రవి గారు చెప్పిన రైలు తర్వాత నాలుగు రోజులకి, డిసెంబర్ 9న, మా ఊళ్లోనే డీటర్ వోల్‌ఫార్ట్ అనే కుర్రాణ్ని కాల్చేశారు. వయసు 20. పశ్చిమ బెర్లిన్‌లో చదువుకునేవాడు, ఆస్ట్రియా పాస్‌పోర్ట్ ఉంది. తను ఎక్కడికైనా వెళ్లగలడు. అయినా ఒక మహిళని పశ్చిమ బెర్లిన్‌కి తీసుకురావడానికి కంచె కత్తిరిస్తూ ప్రాణం పోగొట్టుకున్నాడు. పడిపోయినవాడికి పశ్చిమ బెర్లిన్ వైపు నుంచి ఎవరూ సాయం చేయలేకపోయారు, గీత దాటకూడదని. అక్కడ శిలువ ఉంది. మా అమ్మాయి స్కూల్ నుంచి వాళ్లని తీసుకెళ్లి చూపించారు.

పల్లెగా మిగలడం ఎవరూ కోరుకుని తెచ్చుకున్నది కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
అక్కా, ఆ కష్టాన్ని తక్కువ చేయట్లేదు. జరిగిన నష్టం నష్టమే. కానీ ఊరి రూపం ఎందుకు మారలేదు అనే ప్రశ్నకి జవాబు సరిహద్దే కదా అంటున్నా. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

మ్యాపులపిచ్చి
అంత సులువు కాదు. ల్యూబార్స్ చూడండి. అది కూడా 1920లో బెర్లిన్‌లో కలిసిన ఊరు, రైనికెన్‌డోర్ఫ్ జిల్లాలో ఉంది. గోడకి ఆనుకునే ఉంది గానీ పశ్చిమం వైపు. అది కూడా పల్లెగానే ఉంది. 18వ శతాబ్దపు చర్చి, చుట్టూ పొలాలు, గుర్రాల కొట్టాలు. కాబట్టి తూర్పు జర్మనీ వల్ల పల్లె మిగిలిందనే లెక్క అక్కడ కుదరదు.

పోనీ, గోడ ఏ పక్కనున్నా ఊరు పెరగదు, దారి ముందుకి పోదు కాబట్టి అంటారా? ల్యూబార్స్ పొలాల చివర నిలబడితే మెర్కిషెస్ ఫియర్టెల్ కనిపిస్తుంది. 1960ల నుంచి కట్టిన దాదాపు 17 వేల ఫ్లాట్లు. అదీ గోడ పక్కనే. పశ్చిమ బెర్లిన్‌కి పెరగడానికి చోటు లేక పెద్ద కాలనీలన్నీ అంచుల్లోకే తోశారు. శ్రీను గారి తూర్పు పక్క అపార్ట్‌మెంట్లు కూడా అలా వచ్చినవే. సరిహద్దు ఒక చోట కట్టడాన్ని ఆపింది, ఇంకో చోట అదే సరిహద్దు కట్టించింది.

బక్కోడు_బెర్లిన్
ల్యూబార్స్ అనగానే ట్రాక్టర్ రైతు కథ చెప్పకుండా వదిలేశారేంటి?

మ్యాపులపిచ్చి
మీకోసమే ఆపాను. 1990 జూన్‌లో హెల్ముట్ క్వాలిట్జ్ అనే ల్యూబార్స్ రైతు, గోడ తెరుచుకుని ఏడు నెలలు దాటినా తమ ఊరి నుంచి పక్క ఊరు బ్లాంకెన్‌ఫెల్డెకి దారి ఇవ్వట్లేదని, ట్రాక్టర్ తీసుకుని వెళ్లి గోడ కూల్చేశాడు. ఆ చోటుని ఇప్పటికీ "చెక్‌పాయింట్ క్వాలిట్జ్" అంటారు. బ్రాండెన్‌బుర్గ్ గేటు దగ్గర ప్రపంచమంతా చూస్తుండగా గోడ తెరిచారు. ఊళ్ల దగ్గర ఎవరికి పట్టింది? అందుకే ఆయనంటే నాకు గౌరవం.

గోదారి_గట్టు
చదువుతుంటే మా అత్తగారి ఊరు గుర్తొచ్చింది. ఎటపాక. భద్రాచలం గుడి నుంచి చూస్తే కనిపించేంత దూరం. 2014లో 7 మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు అది అటు వెళ్లింది, భద్రాచలం టౌన్ ఇటే ఉండిపోయింది. మళ్లీ తెలంగాణలో కలపమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. సర్టిఫికెట్ కావాలంటే ఒక ఆఫీసు, ఆసుపత్రి ఇంకో రాష్ట్రంలో. మా దగ్గర కంచె లేదు, తుపాకీ లేదు, ఆ రకంగా అదృష్టవంతులం. కానీ గీత గీసేటప్పుడు ఊరివాళ్లని అడగకపోవడం మాత్రం నాకు బాగా తెలిసిన సంగతే.

చరిత్ర_టీచరమ్మ
అడగకపోవడం గురించి గోదారి_గట్టు గారు అన్నది నిజం. 1920లో కూడా అడగలేదు. గ్రేటర్ బెర్లిన్ చట్టం ప్రష్యా సభలో అనుకూలంగా 165, వ్యతిరేకంగా 148 ఓట్లతో నెగ్గింది, అంత దగ్గరి పోటీ. స్పాండావ్ వాళ్లకి బెర్లిన్‌లో కలవడం ఏమాత్రం ఇష్టం లేదు. 1911లో టౌన్‌హాల్ శంకుస్థాపన అప్పుడే, గ్రేటర్ బెర్లిన్ నుంచి కైజర్ (జర్మన్ చక్రవర్తి) చెయ్యి మమ్మల్ని కాపాడుగాక అని ప్రార్థన లాంటి పద్యం చదివారు. ఇప్పటికీ స్పాండావ్ పాతకాపులు నగరం మధ్యకి వెళ్తుంటే "బెర్లిన్‌కి వెళ్తున్నా" అంటారు, గమనించారా?

శ్రీను_స్పాండావ్
మా పక్కింటావిడ కూడా అలాగే అంటుంది! నేను ఇన్నాళ్లూ ఆవిడ ఊరు దాటి ఎక్కడికో వెళ్తోందనుకున్నా.

విమానాల_వంశీ
అందరూ గాటో గాటో అంటున్నారు, స్టాకెన్ మైదానం గురించి ఒక్కరూ మాట్లాడరేం? మొదటి ప్రపంచ యుద్ధంలో జెప్పెలిన్ కంపెనీ అక్కడ రాక్షస విమానాలు కట్టింది. ఆర్6 రకం రెక్కల పొడవు 42 మీటర్లు, నాలుగు ఇంజన్లు, అదీ కర్ర, గుడ్డ కాలంలో. యుద్ధం అయ్యాక అడోల్ఫ్ రోర్‌బాఖ్ అనే ఇంజనీరు అక్కడే పూర్తి లోహంతో నాలుగు ఇంజన్ల ప్రయాణికుల విమానం తయారుచేశాడు. కాలానికి ఎంతో ముందున్న డిజైన్. గెలిచిన దేశాలు దాన్ని తుక్కు చేయించాయి. ఖాళీ అయిన పెద్ద షెడ్లలో మూకీ సినిమాలు తీశారు. 1938 ఆగస్టు 10న ఫోకె-వుల్ఫ్ కాండర్ విమానం ఎక్కడా ఆగకుండా న్యూయార్క్‌కి బయల్దేరింది ఈ స్టాకెన్ నుంచే. దాదాపు 25 గంటలు పట్టింది.

అలాంటి మైదానం ఉన్న ఊరిని మారుబేరంలో వేశారంటే బాధగా ఉంటుంది నాకు.

పద్మ_స్టాకెన్
వంశీ గారూ, జెప్పెలిన్ ఒక్కటే కాదు. అదే యుద్ధ కాలంలో స్పాండావ్ ఆయుధ కార్ఖానాల కార్మికుల కోసం పాల్ ష్మిట్‌హెన్నర్ అనే ఆర్కిటెక్ట్ 1914 నుంచి 1917 మధ్య స్టాకెన్‌లో గార్డెన్ కాలనీ కట్టారు. ఇటుక గోడలు, మెట్ల ఆకారపు ముందు భాగాలు, ప్రతి ఇంటికీ కూరగాయల పెరడు. చాలా ముచ్చటగా ఉంటుంది. అది పశ్చిమ బెర్లిన్ వైపు ఉండిపోయింది. పాత ఊరి చర్చి తూర్పు జర్మనీ వైపు. ఒకే ఊరు, గుడి అటు, కొత్త ఇళ్లు ఇటు.

ఆ చర్చి లోపలికి వెళ్లి చూడండి. గాబ్రియెలె ముక్కి అనే ఇటలీ చిత్రకారుడు వేసిన గోడ చిత్రం ఉంది. శిలువ మీద క్రీస్తు, కింద లూథర్, కోపర్నికస్ లాంటి 16వ శతాబ్దపు మనుషులు. బతికున్నప్పుడు ఒకరితో ఒకరు పడనివాళ్లు, ఒకరి మతం ఒకరికి గిట్టనివాళ్లు, అందరూ ఒక్క వరసలో నిలబడి ఉంటారు. "సయోధ్యతో ఐక్యత" అని దాని పేరు. ఈ ఊళ్లో ఆ బొమ్మ వేయడం నాకు ఎంతో సరిగ్గా అనిపిస్తుంది.

సైకిల్_సుధీర్
మన హేర్‌స్ట్రాసె మీద చెక్‌పోస్ట్ ఉండేది. పశ్చిమ బెర్లిన్ నుంచి హాంబర్గ్ వైపు వెళ్లే ట్రాన్సిట్ దారి అదే. మోటర్‌వే కాదు, మామూలు రోడ్డు, ఊళ్ల మధ్య నుంచి పోయేది. అందుకే తూర్పు జర్మనీ గుండా సైకిల్ మీద ట్రాన్సిట్‌కి వెళ్లగలిగిన ఒకే ఒక్క దారి ఇది. ఒకటే షరతు: దాదాపు 220 కిలోమీటర్లు ఒక్క రోజులో తొక్కి లౌవెన్‌బుర్గ్ దగ్గర బయటపడాలి, మధ్యలో రాత్రి బస చేయకూడదు. నేను ఆ దారి తొక్కాలని ప్రయత్నించా. గాలి ఎదురొస్తే నావెన్ దాటేసరికే ప్రాణం పోతుంది. 1982లో మోటర్‌వే వచ్చాక కార్లు అటు మళ్లాయి, 1987 చివరికి ఈ ట్రాన్సిట్ దారి మూసేశారు.

బక్కోడు_బెర్లిన్
220 కిలోమీటర్లు ఎదురుగాలిలో! సుధీర్ అన్నా, కాళ్లకి దండం.

రాజు_నాయిషూల్
స్పాండావ్‌లోనే ఐస్‌కెల్లర్ అని ఇంకో చోటు ఉంది కదా, బ్రిటిష్ సైన్యం స్కూల్ పిల్లాడికి కాపలా వెళ్లిందని?

మ్యాపులపిచ్చి
అవును, ఉత్తరాన హాకెన్‌ఫెల్డె వైపు. మూడు రైతు కుటుంబాలు ఉండేవి. మూడు వైపులా తూర్పు జర్మనీ. నగరానికి ఉన్న దారి 800 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అంతే. 1961లో అక్కడి పిల్లాడు తూర్పు పోలీసులు నన్ను ఆపేశారు, స్కూల్‌కి వెళ్లలేకపోయాను అన్నాడు. బ్రిటిష్ వాళ్లు సాయుధ వాహనాన్ని వాడి సైకిల్ వెనక పంపించారు. ఫొటోలు ప్రపంచమంతా అచ్చయ్యాయి. 1994లో, పెద్దయ్యాక, ఆ రోజు స్కూల్ ఎగ్గొట్టానని అతనే చెప్పాడు.

కూకట్‌పల్లి_కుర్రాడు
స్కూల్ ఎగ్గొట్టడానికి ఇంత గొప్ప కారణం ప్రపంచ చరిత్రలో ఇంకెవరికీ దొరికి ఉండదు.

లత_పొట్స్‌డామ్
గ్రోస్ గ్లీనికె పేరు మొదట్లో వచ్చి మాయమైపోయింది. మేముండేది అక్కడే. బేరంలో అవతలి ముక్క మాది.

స్టాకెన్ తన పడమటి సగం పోగొట్టుకుంటే, మా ఊరు తన తూర్పు భాగం పోగొట్టుకుంది. ఊరి మధ్యలో పెద్ద సరస్సు ఉంది. సరిహద్దు సరస్సు నడిమధ్య నుంచి పోయింది. గోడని మాత్రం మా ఒడ్డు మీదే కట్టారు. దాంతో 1961 నుంచి 1989 దాకా ఊరివాళ్లకి సొంత సరస్సులో కాలు పెట్టే వీలు లేదు. నీళ్లు పక్కనే ఉంటాయి, గోడ వెనక. అవతలి ఒడ్డు పశ్చిమ బెర్లిన్ వాళ్లు ఈత కొడుతుంటే కేకలు వినపడేవని ఇక్కడి పెద్దవాళ్లు చెప్తారు.

గోడ పోయాక కాపలా సైనికుల దారి ఒడ్డు వెంట నడక దారి అయింది. ఊరంతా సంతోషించింది. తర్వాత ఒడ్డున స్థలాలున్న కొందరు యజమానులు ఇది మా భూమి అని దారికి అడ్డం కంచెలు వేశారు. కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగారు. గోడ అడ్డం తీసిన చోట పొదలు నాటి అడ్డం పెట్టడం నాకు మింగుడు పడదు. 2003లో మా ఊరు కూడా పొట్స్‌డామ్ నగరంలో కలిసింది.

పద్మ_స్టాకెన్
లత గారూ, యజమానుల వైపు నుంచి కూడా చూడాలి. భూమి వాళ్లది, కట్టింది తూర్పు జర్మనీ సైన్యం. సైన్యం దౌర్జన్యంగా వేసిన దారిని అలాగే ఉంచాలంటే ఎలా? మా వైపు 1990 తర్వాత పాత యజమానులు తిరిగొచ్చి ఇళ్లు అడిగినప్పుడు అందులో ఉంటున్నవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో, అడిగినవాళ్లకీ అంత న్యాయం ఉంది.

లత_పొట్స్‌డామ్
ఇల్లు వేరు, సరస్సు ఒడ్డు వేరు అక్కా. ఇంటికి యజమాని ఉంటాడు. 28 ఏళ్లు ఊరు మొత్తం నష్టపోయింది నీళ్లని. పరిహారం ఇచ్చి దారి అందరికీ ఉంచాల్సిందని నేను ఎక్కడైనా అంటాను.

శ్రీను_స్పాండావ్
ఒక్క డౌట్ మిగిలింది. 1990లో స్టాకెన్ పడమటి సగం బెర్లిన్‌కి తిరిగొచ్చింది సరే. మరి బదులుగా తీసుకున్న గ్లీనికె తూర్పు ముక్క, జేబుర్గ్ ముక్క వెనక్కి ఇచ్చేశారా?

మ్యాపులపిచ్చి
లేదు! ఇదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. ఏకీకరణ ఒప్పందం ప్రోటోకాల్‌లో, బెర్లిన్ సరిహద్దులకి 1920 చట్టమే ఆధారం అని రాశారు. ఆ లెక్కన స్టాకెన్ వెనక్కి వచ్చింది. అక్కడే ఇంకో మాట చేర్చారు: 1949 అక్టోబర్ 7 తర్వాత బెర్లిన్ ఎన్నికలు ఎక్కడెక్కడ జరిగాయో ఆ ప్రాంతాలు కూడా బెర్లిన్‌వే. గ్లీనికె తూర్పు ముక్క, జేబుర్గ్ ముక్క అలా నగరంలోనే ఉండిపోయాయి. ఇచ్చింది తిరిగొచ్చింది, తీసుకున్నదీ ఉంది. లత గారి సరస్సుకి ఇప్పటికీ ఒక ఒడ్డు బెర్లిన్, ఒక ఒడ్డు పొట్స్‌డామ్.

లత_పొట్స్‌డామ్
సరస్సు అవతల ఉన్నది ఒకప్పుడు మా ఊరే అని కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరికీ తెలియదు. ఆ పక్క జనం ఇప్పుడు తాము క్లాడో (స్పాండావ్‌లో ఒక పేట) వాళ్లమే అనుకుంటారు.

చరిత్ర_టీచరమ్మ
జనాన్ని ఒక్కసారి అడిగారు. 1996 మే 5న బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్ రెండు రాష్ట్రాలనీ కలిపేయాలా అని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. బెర్లిన్‌లో సగానికి పైగా సరే అన్నారు. బ్రాండెన్‌బుర్గ్‌లో దాదాపు 63 శాతం మంది వద్దన్నారు. కలపలేదు. కలిసుంటే ఈ గీతలన్నిటికీ ఉన్న విలువ చాలా వరకు తగ్గిపోయేది. అయినా అడిగారు, చెప్పారు, విన్నారు. నాకు అది చాలు.

గోదారి_గట్టు
వద్దన్నారని తెలిసి ఊరుకున్నారు చూశారా, అది నచ్చింది.

సైకిల్_సుధీర్
మాటల్లో హానెబెర్గ్ కోట సంగతి ఎవరూ ఎత్తలేదు. పడమటి స్టాకెన్‌లోనే ఉంది, 1882 నుంచి 1888 మధ్య కట్టారు. గోడ ఉన్నన్నాళ్లూ సరిహద్దు పట్టీలో చిక్కుకుని ఎవరూ వెళ్లక చెట్లు మొలిచిపోయాయి. ఇప్పుడు వేసవిలో గైడ్ చూపిస్తాడు. చలికాలం గబ్బిలాలు నిద్రపోతాయి కాబట్టి లోపలికి పోనివ్వరు. శ్రీను, నీ ఇంటికి సైకిల్ మీద పది నిమిషాలు. సెప్టెంబర్‌లో వెళ్దామా?

శ్రీను_స్పాండావ్
వస్తా. రవి అన్నని కూడా పిలుద్దాం, కోట అయ్యాక ఆల్‌బ్రెక్ట్స్‌హోఫ్ స్టేషన్ చూపించమందాం.

రైలుబండి_రవి
శనివారమైతే రెడీ. ఆదివారం డ్యూటీ.